ఆగిన గుండె మళ్లీ కొట్టుకున్నాక: ఐసీయూలో ఏ దారి ఎప్పుడు ఎంచుకోవాలి

సీపీఆర్ తర్వాత నాడి తిరిగి అందినా స్పృహ రాని రోగిని ఐసీయూకి చేర్చాక వైద్య బృందానికి ఎదురయ్యే ప్రశ్నలు చాలావరకు జంటలుగానే వస్తాయి. శరీరాన్ని చల్లబరచాలా, జ్వరం రాకుండా చూస్తే సరిపోతుందా? యాంజియోగ్రామ్‌కి వెంటనే తీసుకెళ్లాలా, కాస్త ఆగవచ్చా? రక్తపోటును ఎంత దగ్గర నిలపాలి, ఆక్సిజన్ ఎంత ఇవ్వాలి, ఏ మత్తు మందు వాడాలి, మెదడు కోలుకుంటుందో లేదో ఎప్పుడు చెప్పాలి? ఈ ప్రశ్నల్లో చాలావాటిపై గత పదిహేనేళ్లలో పెద్ద క్లినికల్ ట్రయల్స్ జరిగాయి, వాటిలో ఎక్కువ భాగం రెండు దారులూ దాదాపు సమానమేనని తేల్చాయి. అంతమాత్రాన ఎంపిక చేయనక్కర్లేదని కాదు. అలాంటి చోట్ల నేను పాటించేదీ, ఐసీయూకి కొత్తగా వచ్చే వైద్యులకూ నర్సులకూ చెప్పేదీ ఒక్కటే: అనుకున్న లక్ష్యం తప్పితే ఏ వైపు తప్పడం వల్ల నష్టం తక్కువో ముందే చూసుకుని, ఆ వైపుకి కొద్దిగా ఒరిగి ఉండాలి.

నాడి అందిన క్షణం నుంచి రోగి మరో జబ్బులోకి అడుగు పెడతాడు. సోవియట్ వైద్యుడు వ్లాదిమిర్ నెగోవ్‌స్కీ 1972లోనే దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించాలని వాదించాడు. రక్తం అందక దెబ్బతిన్న మెదడు, కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల దాకా బలహీనంగా కొట్టుకునే గుండె, ఆగిన రక్తప్రసరణ మళ్లీ మొదలవడంతో ఒళ్లంతా రేగే వాపు ప్రతిస్పందన, వీటన్నిటికీ తోడు అసలు గుండె ఆగడానికి కారణమైన జబ్బు, ఇవన్నీ ఒకే మనిషిలో ఒకేసారి నడుస్తుంటాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లో పోయేవారు ఎక్కువగా రక్తపోటు నిలవక పోతారు. ఆ తర్వాత పోయేవారు ఎక్కువగా మెదడు దెబ్బ వల్ల పోతారు. అందువల్ల తొలి రోజు చేసే ప్రతి ఎంపికలోనూ గుండెనూ మెదడునూ రెండింటినీ చూసుకోవాలి.

చల్లబరచడమా, జ్వరాన్ని ఆపడమా

ఈ రంగంలో ఇంతగా వాదోపవాదాలు నడిచిన విషయం మరొకటి లేదు. 2002లో యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ జరిగిన రెండు ట్రయల్స్‌తో చల్లబరచడం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. యూరప్ ట్రయల్‌లో 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ మధ్య 24 గంటలు ఉంచిన వారిలో 55 శాతం మంది మెదడు పరంగా బాగా కోలుకోగా, మామూలు చికిత్స పొందిన వారిలో ఆ సంఖ్య 39 శాతమే. అయితే ఆ మామూలు చికిత్స జట్టులో జ్వరాన్ని గట్టిగా అదుపు చేయలేదు, చాలామందికి ఉష్ణోగ్రత 37 దాటింది. లాభం చల్లదనం వల్ల వచ్చిందా, జ్వరం లేకపోవడం వల్ల వచ్చిందా అన్న అనుమానం అక్కడే మొదలైంది.

2013లో 33 డిగ్రీలనూ 36 డిగ్రీలనూ పోల్చిన ట్రయల్‌లో తేడా కనిపించలేదు. 2021లో దాదాపు 1,900 మందితో జరిగిన తర్వాతి ట్రయల్‌లో ఒక జట్టును 33 డిగ్రీలకు చల్లబరిచారు, రెండో జట్టుకు జ్వరం రాకుండా మాత్రమే చూశారు. ఆరు నెలల నాటికి మొదటి జట్టులో 50 శాతం, రెండో జట్టులో 48 శాతం మరణించారు. అంటే తేడా లేదనే చెప్పాలి. రక్తపోటును దెబ్బతీసే స్థాయి గుండె లయ సమస్యలు మాత్రం చల్లబరిచిన వారిలో 24 శాతానికీ, మరో జట్టులో 17 శాతానికీ వచ్చాయి. దీనికి భిన్నంగా, విద్యుత్ షాక్‌తో సరిచేయడానికి వీలులేని లయతో గుండె ఆగిన వారిపై ఫ్రాన్స్‌లో జరిగి 2019లో వెలువడిన ట్రయల్‌లో, 33 డిగ్రీల జట్టులో 10.2 శాతం, 37 డిగ్రీల జట్టులో 5.7 శాతం మంది మంచి స్థితిలో బయటపడ్డారు. మరణాల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇన్ని లెక్కల తర్వాత నా సలహా ఇది. చల్లబరిచే అనుభవం, పరికరం, రాత్రి పూట కూడా సరిపడా నర్సులు లేని ఐసీయూ 33 డిగ్రీల జోలికి వెళ్లకుండా, 37.5 మించకుండా చూసుకోవడమే మేలు. సగం చల్లబరిచి, వణుకు అదుపు కాక వదిలేసి, ఆ తర్వాత జ్వరం 39కి పోయేలా చేయడం అన్ని దారుల్లోకీ హీనమైనది. 33 డిగ్రీల దారిలో పొటాషియం పడిపోవడం, గుండె నెమ్మదించడం, మూత్రం ఎక్కువగా పోవడం, రక్తం గడ్డకట్టే గుణం తగ్గడం, మత్తు మందులు ఒంట్లోంచి త్వరగా పోకపోవడం అన్నీ కలిసి వస్తాయి. వీటిని గంటగంటకూ పట్టించుకోగల బృందం ఉన్నచోట, ముఖ్యంగా షాక్ ఇవ్వదగని లయతో వచ్చిన రోగుల విషయంలో, ఆ దారిని ఎంచుకుంటే తప్పు పట్టనక్కర్లేదు. రక్తస్రావం అవుతున్న రోగికీ, రక్తపోటు ఏ మందుకూ నిలవని రోగికీ ఆ దారి వద్దు.

37.5 దారిని తేలిక దారి అనుకోవడమే ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న పొరపాటు. 2021 ట్రయల్‌లో జ్వర నియంత్రణ జట్టులో దాదాపు సగం మందికి, కచ్చితంగా చెప్పాలంటే 46 శాతానికి, చల్లబరిచే పరికరం వాడాల్సి వచ్చింది. ఒక పారాసిటమాల్ రాసి, పక్కన తడిగుడ్డ పెట్టి దానికి నియంత్రణ అని పేరు పెడితే సరిపోదు. అన్నవాహికలోనో మూత్రాశయంలోనో పెట్టిన ప్రోబ్ నిరంతరం ఉష్ణోగ్రత చూపుతూ ఉండాలి. మూత్రం సరిగా రాని రోగిలో మూత్రాశయపు ప్రోబ్ ఆలస్యంగా చూపుతుంది కాబట్టి అన్నవాహికదే నమ్మదగినది. చంకలో పెట్టే థర్మామీటర్‌ను ఈ పనికి నమ్మకూడదు. తనంతట తానే 34 లేదా 35 డిగ్రీలతో వచ్చిన రోగిని దుప్పట్లు కప్పి గబగబా వేడెక్కించడం కూడా వద్దు, నెమ్మదిగా పైకి రానివ్వాలి. చల్లబరిచిన వారిని తిరిగి వేడి చేసేటప్పుడు గంటకు పావు నుంచి అర డిగ్రీకి మించకూడదు.

వణుకు సంగతి కాస్త దగ్గరగా చూడాలి. మానిటర్ మీద ఈసీజీ గీత అడుగున సన్నని గరుకుదనం కనిపిస్తుంది, ఎలక్ట్రోడ్ వదులైందనుకుని చాలామంది దాన్ని వదిలేస్తారు. అప్పుడు దవడ కింద, ఛాతీ మీద అరచేయి ఆనించి ఒక నిమిషం ఉంచితే కండరాల్లో సన్నని కంపనం చేతికి తెలుస్తుంది. భుజాలూ తొడలూ కదిలేదాకా ఆగితే, శరీరం ఆక్సిజన్‌ను మామూలుకన్నా చాలా ఎక్కువగా ఖర్చు చేస్తూ పరికరంతో పోటీ పడుతోందన్నమాట. చేతులూ పాదాలూ వెచ్చగా కప్పి ఉంచడం, పారాసిటమాల్, మెగ్నీషియం, మత్తు మోతాదు కాస్త పెంచడం, ఇవేవీ చాలకపోతేనే కండరాలను స్తంభింపజేసే మందు, ఈ వరుస చాలాచోట్ల పనిచేస్తుంది. కండరాలను స్తంభింపజేసిన రోగికి ఫిట్స్ వస్తే పైకి కనిపించవు కాబట్టి, ఆ మందు వాడినప్పుడు మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ తప్పనిసరి.

ఎంతకాలం అన్న ప్రశ్నకు ఓపిక తక్కువ ఉన్నవారికి ఊరటనిచ్చే జవాబే ఉంది. 33 డిగ్రీల దగ్గర 24 గంటలకూ 48 గంటలకూ మధ్య తేడా తేలలేదు. పరికరంతో జ్వరాన్ని ఆపడంలో 36 గంటలకూ 72 గంటలకూ మధ్య కూడా తేలలేదు. కనీసం 36 గంటలు పట్టుబట్టి, రోగి ఇంకా స్పృహలోకి రాకపోతే మూడో రోజు దాటేదాకా జ్వరాన్ని కాచుకోవడం నాకు సబబుగా తోస్తుంది. అంబులెన్స్‌లోనే చల్లని సెలైన్ గుప్పించే పద్ధతిని మాత్రం పూర్తిగా వదిలేయాలి. 2014లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో దానివల్ల బతికినవారి సంఖ్య పెరగలేదు, గుండె మళ్లీ ఆగడమూ ఊపిరితిత్తుల్లో నీరు చేరడమూ పెరిగాయి.

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, రక్తపోటు

నష్టం తక్కువ ఉన్న వైపు ఒరగాలన్న సూత్రం అన్నిటికన్నా స్పష్టంగా ఇక్కడ పనిచేస్తుంది. ఎక్కువ ఆక్సిజన్ దెబ్బతిన్న కణాలకు హాని చేస్తుందన్న భయంతో, నాడి అందగానే దాన్ని తగ్గించాలని ఒక దశలో అందరూ అనుకున్నారు. ఆస్ట్రేలియాలో 425 మందితో జరిగి 2022లో వెలువడిన ట్రయల్ ఆ తొందరను ఆపింది. అంబులెన్స్ దశలోనే రక్తంలో ఆక్సిజన్ స్థాయిని 90 నుంచి 94 శాతం దగ్గర ఉంచిన వారిలో 38.3 శాతం, 98 నుంచి 100 దగ్గర ఉంచిన వారిలో 47.9 శాతం బతికి ఇంటికి వెళ్లారు. కోవిడ్ కారణంగా ముందే ఆగిపోయిన ట్రయల్ కాబట్టి ఆ తేడాను అక్షరాలా తీసుకోలేం; కానీ తగ్గించిన జట్టులో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయిన సందర్భాలు దాదాపు రెట్టింపు అయ్యాయన్నది గమనించాలి. అడ్రినలిన్ ప్రభావంతో చల్లబడి, రక్తం సరిగా అందని వేలికి పెట్టిన పల్స్ ఆక్సిమీటర్ అంకె మీద ఆధారపడి ఆక్సిజన్ తగ్గించడం అంటే చీకట్లో మెట్లు దిగడమే. ధమని రక్త పరీక్ష వచ్చేదాకా పూర్తి ఆక్సిజన్ ఇచ్చి, ఆ తర్వాత 94 నుంచి 98 శాతం మధ్యకు తీసుకురావాలి. ఐసీయూలో ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం కాస్త తక్కువగా ఉంచడానికీ కాస్త ఎక్కువగా ఉంచడానికీ మధ్య తేడా లేదని డెన్మార్క్ ట్రయల్ చూపింది, కాబట్టి అక్కడ అంకెల వేట అక్కర్లేదు.

కార్బన్ డయాక్సైడ్ విషయంలో పడిపోవడమే అసలు ప్రమాదం, ఎందుకంటే అది తగ్గితే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. నాడి అందిన హడావిడిలో బ్యాగ్ పట్టుకున్న చేయి నిమిషానికి 25 సార్లు నొక్కుతుండటం ఎవరికీ కొత్త దృశ్యం కాదు; ఆ చేతిని పదికి తగ్గించడం చాలా మందులకన్నా విలువైన చికిత్స. కావాలని కొంచెం ఎక్కువగా, 50 నుంచి 55 దాకా, ఉంచితే మేలు జరుగుతుందేమోనని 1,700 మందితో చేసిన ట్రయల్ 2023లో లాభం లేదని తేల్చింది, నష్టమూ కనిపించలేదు. అందువల్ల లక్ష్యం 35 నుంచి 45 మిల్లీమీటర్లే. అయినా 34 కన్నా 47 నయం.

సగటు రక్తపోటును 63 దగ్గర ఉంచడానికీ 77 దగ్గర ఉంచడానికీ మధ్య తేడా లేదని 2022లో డెన్మార్క్‌లో 789 మందితో జరిగిన అదే ట్రయల్ చెప్పింది. దీన్ని చదివి 58 కూడా ఫర్వాలేదనుకోవడం పెద్ద తప్పు. ఆ ట్రయల్‌లో ఏ జట్టు లక్ష్యమూ 63 కన్నా తక్కువ లేదు, రోగుల్లో ఎక్కువమంది షాక్‌కు లొంగే లయతో వచ్చినవారు, వారిని చూసింది అనుభవజ్ఞులైన గుండె కేంద్రాలు. ఎప్పటి నుంచో అధిక రక్తపోటు ఉన్న రోగికీ, మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటర్ కన్నా తక్కువ వస్తున్న రోగికీ నేను 75 దగ్గర ఉంచుతాను. మిగిలినవారికి 65 తగ్గకుండా చాలు. మందు విషయంలో నోర్‌అడ్రినలిన్‌తో మొదలుపెట్టడమే మేలు. అడ్రినలిన్ డ్రిప్ రక్తపోటును లేపుతుంది గానీ అప్పుడే కోలుకుంటున్న గుండెను ఎక్కువగా పరుగెత్తిస్తుంది, లయ తప్పిస్తుంది, కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్‌ను పెంచి రోగి పరిస్థితి విషమిస్తోందేమోనన్న అనుమానం కలిగిస్తుంది. ఎకోలో గుండె బలహీనంగా కనిపిస్తే గుండె బలంగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ చేర్చవచ్చు. చల్లబరిచిన రోగికి నాడి నిమిషానికి 40కి తగ్గినా, రక్తపోటూ మూత్రమూ లాక్టేట్ బాగుంటే మందు అక్కర్లేదు.

షుగర్ 140 నుంచి 180 మధ్య ఉంటే చాలు. దాన్ని 110కి దింపాలన్న పట్టుదలతో ఒక్కసారి 50కి పడేస్తే మెదడుకు మరో దెబ్బ తగులుతుంది.

యాంజియోగ్రామ్ ఎప్పుడు

ఈసీజీలో పూర్తి స్థాయి గుండెపోటు గుర్తులు, అంటే ఎస్‌టీ భాగం స్పష్టంగా లేచి ఉంటే, ఆలోచించకుండా యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్లాలి. రోగి కోమాలో ఉన్నాడన్నది ఆపడానికి కారణం కాదు. అయితే నాడి అందిన వెంటనే తీసిన ఈసీజీ తరచూ మోసం చేస్తుంది. గుండె కండరానికి రక్తం అందని క్షణాల ముద్ర ఇంకా అందులో మిగిలే ఉంటుంది కాబట్టి, కనీసం ఎనిమిది నిమిషాలు ఆగి మరొకటి తీసి దాని మీద నిర్ణయం తీసుకోవడం మంచిది.

ఎస్‌టీ లేవని వారి విషయంలో వెంటనే వెళ్లాలన్న ఉత్సాహానికి రెండు ట్రయల్స్ కళ్లెం వేశాయి. నెదర్లాండ్స్‌లో 2019లో వెలువడిన దానిలో వెంటనే చేసిన జట్టులో 64.5 శాతం, ఆగి చేసిన జట్టులో 67.2 శాతం 90 రోజుల తర్వాత బతికి ఉన్నారు. 2021లో జర్మనీ, డెన్మార్క్‌లలో జరిగిన దానిలో 30 రోజుల మరణాలు వరుసగా 54, 46 శాతం. రెండింటిలోనూ తొందరపడినందుకు లాభం లేదు. కానీ రక్తపోటు నిలవక షాక్‌లో ఉన్నవారినీ, లయ పదేపదే తప్పుతున్నవారినీ ఈ ట్రయల్స్ పక్కన పెట్టాయి. అలాంటి రోగికి ఎస్‌టీ లేవకపోయినా వెంటనే యాంజియోగ్రామ్ చేయడమే సరైన దారి. మిగిలినవారిని ముందు ఐసీయూలో నిలబెట్టి, గుండె కారణమని చెప్పే గుర్తులు లేకపోతే తలకూ ఛాతీకీ సీటీ స్కాన్ చేయించాలి. తలలో రక్తస్రావమై గుండె ఆగిన రోగికి రక్తం పలచబడే మందులు ఎక్కించి క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్లడం కన్నా పెద్ద ప్రమాదం ఈ దశలో మరొకటి లేదు.

మత్తు మందు, ఫిట్స్, యాంటీబయాటిక్

మత్తు మందుల్లో ప్రొపోఫాల్ త్వరగా దిగిపోతుంది, కానీ రక్తపోటును పడేస్తుంది. మిడజోలమ్ రక్తపోటుకు అంత హాని చేయదు, కానీ కిడ్నీ, కాలేయం దెబ్బతిన్న రోగిలో, అందులోనూ చల్లబరిచిన రోగిలో, రోజుల తరబడి ఒంట్లో ఉండిపోయి కోమా దేని వల్లో తెలియకుండా చేస్తుంది. రక్తపోటు ఒకటి రెండు మందులతో నిలిచే స్థితిలో ఉంటే ప్రొపోఫాల్ ఎంచుకోవాలి. నోర్‌అడ్రినలిన్ కొంచెం పెంచాల్సి రావడం, మూడు రోజులు గందరగోళంలో పడటం కన్నా చిన్న మూల్యం.

ఫిట్స్ రాకముందే మందు ఇచ్చే పద్ధతికి ఆధారం లేదు. వచ్చాక లెవెటిరాసెటమ్ లేదా వాల్‌ప్రోయేట్‌తో మొదలుపెట్టవచ్చు, రెండూ రక్తపోటును పెద్దగా కదిలించవు. ఇక యాంటీబయాటిక్: షాక్‌కు లొంగే లయతో వచ్చి 32 నుంచి 34 డిగ్రీలకు చల్లబరిచిన వారికి అమాక్సిసిలిన్-క్లావులనేట్ రెండు రోజులు ఇచ్చిన ఫ్రెంచ్ ట్రయల్‌లో వెంటిలేటర్ న్యూమోనియా తొలి రోజుల్లో 34 శాతం నుంచి 19 శాతానికి తగ్గింది, మరణాలు మాత్రం తగ్గలేదు. అందరికీ అలవాటుగా రాయకుండా, ఎక్స్‌రేలోనూ కఫంలోనూ అనుమానం కలిగితే ఆలస్యం చేయకుండా మొదలుపెట్టడం నా పద్ధతి.

ఎప్పుడు చెప్పాలి

తప్పితే సరిదిద్దుకునే వీలులేని ఎంపిక ఇదొక్కటే. మిగతావన్నీ గంటలోనో పూటలోనో మార్చుకోవచ్చు. లాభం లేదని చెప్పి వెంటిలేటర్ తీసేశాక మార్చుకునేది ఏమీ ఉండదు. పైగా ఆస్పత్రిలో మెదడు దెబ్బతో పోయారని లెక్కకెక్కిన వారిలో చాలామంది, చికిత్స ఆపాలన్న నిర్ణయం తర్వాత పోయినవారే. కాబట్టి మొదటి రోజు కనుపాపలు స్పందించలేదనో, కాళ్లూ చేతులూ ఎగురుతున్నాయనో, వచ్చేసరికి అరగంట సీపీఆర్ అయిందనో తీర్పు చెప్పకూడదు.

యూరోపియన్ మార్గదర్శకాలు 2021లో చెప్పిన క్రమం ఇప్పటికీ నాకు అన్నిటికన్నా భద్రమైనదిగా కనిపిస్తోంది. మత్తు పూర్తిగా దిగాక, 72 గంటలు గడిచాక కూడా రోగి నొప్పికి చేతిని సరిగా వెనక్కి లాక్కోలేని స్థితిలో ఉంటేనే పరీక్షలు చూడాలి; వాటిలో కనీసం రెండు చెడు వైపే చూపితేనే కోలుకునే అవకాశం చాలా తక్కువని అనుకోవాలి. రెండు కళ్లలోనూ కనుపాప, కార్నియా స్పందనలు లేకపోవడం, రెండు వైపులా నరాల సంకేతం మెదడు పైపొరకు చేరడం లేదని ఎస్ఎస్ఈపీ అనే పరీక్షలో తేలడం, 24 గంటల తర్వాత ఈఈజీ పూర్తిగా అణగారిపోయి ఉండటం, దెబ్బతిన్న నరకణాల నుంచి రక్తంలోకి వచ్చే ఎన్ఎస్ఈ అనే పదార్థం 48 లేదా 72 గంటలకు 60 దాటడం, 72 గంటల్లోపు కండరాలు ఆగకుండా ఎగిరిపడే మయోక్లోనస్, సీటీ లేదా ఎంఆర్ఐలో మెదడంతా వ్యాపించిన దెబ్బ, ఇవీ ఆ పరీక్షలు.

వీటిలో ఒకటే చేయించగల స్థోమత ఉంటే ఏది ఎంచుకోవాలి? మత్తుకూ చల్లదనానికీ తేలికగా మోసపోనిది కాబట్టి ఎస్ఎస్ఈపీనే ఎంచుకుంటాను, అందుబాటులో ఉంటే. ఈఈజీ మత్తుకు సులభంగా లొంగిపోతుంది, కానీ మంచి కబురు చెప్పడంలో దానికి సాటి లేదు. 24 గంటల లోపే నిరంతరమైన, స్పందించే అలలు కనిపిస్తే ఓపిక పట్టడానికి బలమైన కారణం దొరికినట్టే. ఎన్ఎస్ఈ అంకెను చూసే ముందు ఆ రక్త నమూనాలో ఎర్రకణాలు చిట్లాయేమో ల్యాబ్‌ను అడగాలి, ఎందుకంటే ఆ కణాల్లోనూ అదే పదార్థం ఉంటుంది. పరీక్షలు ఒకదానికొకటి పొసగకపోతే జవాబు ఎదురుచూడటమే. వారం, రెండు వారాల తర్వాత కళ్లు తెరిచి మాటలు అర్థం చేసుకున్నవారు ఉన్నారు.

కుటుంబంతో మాట్లాడేటప్పుడు కూడా రెండు దారులుంటాయి: తెలిసినదంతా మొదటి రాత్రే చెప్పేయడం, లేదా ఏ రోజు ఏమి తెలుస్తుందో ముందే చెప్పి ఆ రోజు తప్పకుండా కూర్చోవడం. రెండోదే మంచిది. "ఈ రోజు గుండెను నిలబెట్టే పనిలో ఉన్నామండీ. మెదడు గురించి మూడో రోజు దాటేదాకా మేము ఏమీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. నాలుగో రోజు పొద్దున అందరం కూర్చుని మాట్లాడుకుందాం" అన్న మాట, అంకెలూ శాతాలూ వినే స్థితిలో లేనివారికి కూడా అర్థమవుతుంది.

ఐసీయూ దాటాక

మెలకువ వచ్చిన రోగి విషయంలో మిగిలే పెద్ద ఎంపిక లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ పరికరం పెట్టించడమా, మందులతో సరిపెట్టడమా అన్నది. గుండె ఆగడానికి స్టెంట్‌తో పూర్తిగా సరిచేసిన తాజా గుండెపోటో, పొటాషియం పడిపోవడమో, మరో తాత్కాలిక కారణమో ఉంటే ఐసీడీ సాధారణంగా అక్కర్లేదు. అలాంటి కారణమేదీ కనిపించకపోతే ఐసీడీనే ఎంచుకోవాలి. 1997లో 1,016 మందితో వెలువడిన ట్రయల్‌లో, ప్రధానంగా గుండె లయను అదుపు చేసే అమియోడరోన్ వాడిన జట్టు కన్నా ఐసీడీ జట్టులో ఎక్కువమంది బతికారు.

ఇంటికి పంపే ముందు మాటా నడకా బాగున్నాయని అన్నీ బాగున్నాయనుకోకూడదు. మతిమరుపు, ఒకే పని మీద మనసు నిలవకపోవడం, తీరని అలసట, దిగులు, భయం చాలామందిలో మిగిలిపోతాయి, వాటిని రోగి స్వయంగా గుర్తించకపోవచ్చు. అందుకే మూడు నెలల లోపు మళ్లీ రమ్మని చెప్పి, ఆ రోజు జ్ఞాపకశక్తి పరీక్ష చేయడంతో పాటు ఇంట్లో వెంట ఉండే మనిషిని వేరుగా కూర్చోబెట్టి అడగాలి: బిల్లులు ఎవరు చూసుకుంటున్నారు, చెప్పిన మాట మళ్లీ మళ్లీ అడుగుతున్నారా, కోపం పెరిగిందా, రాత్రి నిద్ర పడుతోందా. సీపీఆర్ కళ్లారా చూసిన ఆ మనిషికి కూడా నిద్ర పట్టకపోవచ్చు, కాబట్టి చివరి ప్రశ్న వారి గురించి కూడా అడగాలి.